నంబరు ఎవరు వేయాలి?
పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

కిందటి సంచికలో మాటవరసకు ఒక వాక్యం రాశాను. మీ ప్రోగ్రాం డేటాబేస్ టేబుల్‌లోని కొత్త వరుసకు ప్రైమరీ కీ (మరే వరుసకూ ఉండని గుర్తింపు నంబరు) ఎలా వేస్తుందో చెబితే, అది ఎన్నాళ్ళు నిలుస్తుందో జోస్యం చెబుతానని. జోస్యం చెప్పించుకోవడమంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికీ ఎంత సరదానో వచ్చిన ఉత్తరాలు చూశాక తెలిసింది. పాలిటెక్నిక్‌లో ఉన్నన్నాళ్ళూ ఇదే పాఠం చెప్పాను, అప్పుడు ఒక్కరూ అడగలేదు. ఏడు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. మిగతావారు కొంచెం ఓపిక పట్టాలి.

*

ప్రశ్న: మాస్టారూ, మాది జీడిపిక్కలు కొనే వ్యాపారం. రైతులు బస్తాలు తెచ్చినప్పుడు కాటా దగ్గర ఒక కంప్యూటర్లో, లోపల గుమస్తా దగ్గర మరో కంప్యూటర్లో చీటీలు రాస్తాం. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మీద ప్రోగ్రాం నేనే రాసుకున్నాను. చీటీ నంబరే ప్రైమరీ కీ. ఉన్నవాటిలో పెద్ద నంబరు తీసి దానికి ఒకటి కలుపుతాను. ఏడాదంతా బాగానే నడుస్తుంది. పిక్కల కాలం వచ్చి కాటా దగ్గర బళ్ళు వరుస కట్టినప్పుడు మాత్రం రోజుకు రెండు మూడు సార్లు 'డూప్లికేట్ ఎంట్రీ' అని 1062 నంబరు ఎర్రర్ వస్తోంది. అంతా ట్రాన్సాక్షన్‌లో పెట్టినా పోలేదు.
– ఒక వ్యాపారి కొడుకు, కాశీబుగ్గ

జవాబు: బాబూ, ముందు ఆ 1062కు ఒక దండం పెట్టండి. అది రాకపోతే ఇద్దరు రైతుల బస్తాలు ఒకే చీటీ మీద కలిసిపోయి, డబ్బు ఇచ్చే రోజున తెలిసేది.

జరుగుతున్నది ఇది. కాటా దగ్గరి కంప్యూటర్ 'పెద్ద నంబరు ఎంత' అని అడిగింది, 1206 అని జవాబు వచ్చింది. అది 1207 వేసి పంపేలోపు లోపలి కంప్యూటర్ కూడా అదే ప్రశ్న అడిగింది. దానికీ 1206 అనే చెప్పారు, ఎందుకంటే 1207 ఇంకా పుస్తకంలోకి ఎక్కలేదు. ఇద్దరూ 1207 పట్టుకుని వచ్చారు. మొదట వచ్చినవాడు లోపలికి వెళ్ళాడు, రెండోవాడికి గుమ్మం దగ్గర 1062 ఎదురైంది. చీటీ తెర తెరవగానే నంబరు చూపించే అలవాటు మీకు ఉంటే ఆ ఎడం నిమిషాల్లో ఉంటుంది. సేవ్ నొక్కినప్పుడే అడిగినా కొన్ని మిల్లీసెకన్ల ఎడం మిగులుతుంది. రద్దీ లేని నెలల్లో ఆ ఎడంలోకి ఎవరూ దూరరు కాబట్టి ప్రోగ్రాం మంచిదనే అనుకుంటాం.

ట్రాన్సాక్షన్‌లో పెట్టినా ఎందుకు పోలేదని అడిగారు. ట్రాన్సాక్షన్ ఇచ్చే హామీ వేరు: చేస్తే పనంతా జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. పక్కవాడు చదవకుండా అది తలుపు వేయదు. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ (టేబుళ్ళను దాచిపెట్టే దాని లోపలి యంత్రాంగం) టేబుళ్ళ మీద మామూలు సెలెక్ట్, అంటే చదివే ఆజ్ఞ, ఏ తాళమూ వేయదు. ఇద్దరూ ఎవరి ట్రాన్సాక్షన్‌లో వారు నిశ్చింతగా 1206 చదువుకుంటారు.

మిమ్మల్ని తిట్టే అర్హత నాకు లేదు. 2001 దసరాకు విజయనగరంలో గంట స్తంభం దగ్గర ఒక బట్టల దుకాణానికి నేను ప్రోగ్రాం రాసిచ్చాను. విజువల్ బేసిక్ భాష, యాక్సెస్ డేటాబేస్. రెండు కౌంటర్లు, అదే 'పెద్ద నంబరుకు ఒకటి'. పైగా తెర మీద ఎర్రర్లు వస్తే షావుకారు కంగారు పడతారని 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' అని ఒక వాక్యం పెట్టాను. తప్పు వస్తే నోరు మూసుకుని ముందుకు పొమ్మని దాని అర్థం. సిరిమాను ముందు రోజు సాయంత్రం దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. రెండు కౌంటర్ల వాళ్ళకూ ఒకే బిల్లు నంబరు వచ్చింది. బిల్లుల టేబుల్‌కు ప్రైమరీ కీ ఉంది కాబట్టి రెండోదాన్ని ఒప్పుకోలేదు, నా పుణ్యాన ఆ మాట ఎవరికీ వినబడలేదు. సరుకుల టేబుల్‌కు నేను కీయే పెట్టలేదు, కాబట్టి సరుకులు మాత్రం భేషుగ్గా ఎక్కాయి. ఒక చీర కొన్న ఆవిడకు ఎవరివో ఆరు పంచెలు కూడా కలిపి బిల్లు వచ్చింది. ఆవిడ ఏమన్నారో ఇక్కడ రాయను. షావుకారు మాత్రం ఏమీ అనకుండా గల్లాపెట్టె కింది నుంచి పాత బిల్లు పుస్తకం తీసి దుమ్ము దులిపారు. ఆ దులపడం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మందు చాలా చిన్నది. నంబరు మీరు లెక్కకట్టకండి, డేటాబేస్‌నే వేయనివ్వండి. ఆ కాలమ్‌ను ఆటో ఇంక్రిమెంట్‌గా (తనంతట తానే పెరిగేదిగా) మార్చండి, కొత్త వరుస ఎక్కించే ఇన్సర్ట్ వాక్యంలో ఆ కాలమ్ పేరే ఎత్తకండి. పాత చీటీలు ఉన్నా ఫరవాలేదు, వాటిలో పెద్దదాని తర్వాతి నుంచే మైఎస్‌క్యూఎల్ మొదలుపెడుతుంది. లోపల అది చేసేదీ ఒకటి కలపడమే. తేడా ఏమిటంటే, అడిగేవాళ్ళు ఎందరున్నా ఇచ్చే చెయ్యి ఒకటే, అది ఒకరికి ఇచ్చాకే మరొకరికి ఇస్తుంది.

వేరే డేటాబేస్‌లు వాడేవారి కోసం రెండు ముక్కలు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దీన్ని ఐడెంటిటీ అంటారు. ఒరాకిల్‌లో ఎప్పటినుంచో నంబర్లు ఇచ్చే సీక్వెన్స్ అనే ప్రత్యేక వస్తువు ఉంది, 12సీ నుంచి ఐడెంటిటీ కూడా వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో పాతవాళ్ళు సీరియల్ అని రాసేవారు, 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఐడెంటిటీ రాయడం మేలు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక గొయ్యి ఉంది, అందులో నేను కూడా పడ్డాను. పాత వరుసలను వాటి నంబర్లతో సహా ఎక్కిస్తే ఆ సంగతి సీక్వెన్స్‌కు తెలియదు. అది అమాయకంగా ఒకటి నుంచి మొదలుపెట్టి ఉన్న నంబర్లతోనే గుద్దుకుంటుంది. ఎక్కించాక 'సెట్‌వాల్'తో దాన్ని ముందుకు జరపాలి.

*

ప్రశ్న: నేను ఎరువులు, విత్తనాలు అమ్మే దుకాణంలో లెక్కలు చూస్తాను. ప్రోగ్రాం రాసిచ్చినవారు ఎస్‌క్యూఎల్ సర్వర్ అన్నారు, బిల్లు నంబరు అదే వేసుకుంటుందన్నారు. 41 తర్వాత 43 వచ్చింది. ఒకసారి కరెంటు పోయి వచ్చాక ఏకంగా వెయ్యి దూకింది. '42 ఎక్కడమ్మా' అని ఆడిటరు గారు అడుగుతున్నారు. షావుకారు నావైపు చూస్తున్నారు. నేనేం చేశాను మాస్టారూ?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, మీరేమీ చేయలేదు. ఈ పేజీ చించి ఇద్దరికీ చూపించండి.

ఆసుపత్రిలో ఓపీ చీటీల వరుస గుర్తు తెచ్చుకోండి. 42వ చీటీ తీసుకున్నాయన డాక్టరును చూడకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పటికే 43, 44, 45 చీటీలు జనం చేతుల్లో ఉన్నాయి. కిటికీలో కూర్చున్నావిడ 42ను వెనక్కి తెచ్చి ఎవరికి ఇస్తుంది? డేటాబేస్‌ది కూడా అదే పరిస్థితి. ఒక బిల్లు సగంలో రద్దయితే బిల్లు వెనక్కి పోతుంది గాని, నంబరు వెనక్కి రాదు. రావాలంటే ఒకరి బిల్లు తేలేదాకా మిగతావారందరినీ నిలబెట్టాలి. ఆ నిలబెట్టడం తప్పించడానికే ఈ ఏర్పాటు చేశారు.

వెయ్యి దూకడం సంగతి వేరు. 2012 వెర్షన్ నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్ వేగం కోసం నంబర్లను కట్టలుగా ముందే తీసి పెట్టుకుంటుంది. ఇంట్ (మామూలు పూర్ణాంకాల) కాలమ్‌కు కట్ట వెయ్యి. సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోతే, వాడని నంబర్లు కట్టతో సహా పోతాయి. ఒరాకిల్ సీక్వెన్స్ మామూలుగా ఇరవై ఇరవైగా పట్టుకుంటుంది, దానికి పోయేవి తక్కువ. మీ ఊరి కరెంటు సంగతి నాకు తెలుసు కాబట్టి ఇది మళ్ళీ జరుగుతుందనే చెబుతాను.

తప్పు ప్రోగ్రాం రాసినవారిది. ప్రైమరీ కీని బిల్లు నంబరుగా అచ్చు వేయకూడదు. కీ చేయవలసిన పని ఒక్కటే, ఏ రెండు వరుసలకూ ఒకటి కాకుండా ఉండటం. వరుసగా ఉండాలన్నది దాని పని కాదు. వరుసగా ఉండవలసింది బిల్లు నంబరు, అది చట్టం మాట. జీఎస్‌టీ నియమాల్లో 46వ నియమం ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు వరుసగా సాగాలి, 16 అక్షరాలు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు. కావాలంటే ఒకటికి మించిన వరుసలు పెట్టుకోవచ్చు.

దానికోసం చిన్న టేబుల్ ఒకటి పెట్టమనండి. ఏడాదికి ఒక వరుస, అందులో 'ఆఖరి నంబరు' అనే ఒక గడి. బిల్లు సేవ్ చేసే ట్రాన్సాక్షన్‌లోనే ముందు ఆ గడిని అప్‌డేట్‌తో ఒకటి పెంచి, పెరిగిన నంబరును బిల్లుకు వేయాలి. అప్‌డేట్ చేసిన క్షణం నుంచి ఆ గడికి తాళం పడుతుంది, బిల్లు తేలేదాకా రెండో కౌంటరు ఆగుతుంది. బిల్లు రద్దయితే గడి కూడా పాత అంకెకు వెళుతుంది, ఖాళీ మిగలదు. ఓపీ కిటికీ దగ్గర వద్దన్న నిలబెట్టడమే ఇది, కాకపోతే ఎరువుల దుకాణంలో అర సెకను నిలబడితే ఎవరి పంటా ఎండిపోదు. బిల్లు అచ్చయ్యాక కొనుగోలుదారు వద్దంటే వరుసను చెరపకండి, 'రద్దు' అని గుర్తు పెట్టండి. చెక్కు పుస్తకంలో పాడైన ఆకును చించేయకుండా అడ్డగీత కొట్టి ఉంచుతారు చూడండి, అలాగన్నమాట.

*

ప్రశ్న: బిల్లు ఇన్సర్ట్ చేశాక దాని కింద సరుకులు రాయడానికి ఆ నంబరు కావాలి. డేటాబేస్ వేసిన నంబరు మనకు ఎలా తెలుస్తుంది? నేను మళ్ళీ మ్యాక్స్ (ఉన్నవాటిలో పెద్ద నంబరు) అడుగుతున్నాను.
– ఇంజినీరింగ్ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: ముందు గుమ్మంలోంచి పంపేసిన దొంగను పెరటి గుమ్మంలోంచి పిలుస్తున్నారు! మీరు మ్యాక్స్ అడిగేలోపు మరొకరు ఇన్సర్ట్ చేస్తే మీ సరుకులు వాళ్ళ బిల్లులోకి వెళతాయి. ఆరు పంచెల కథ పైన చదివారు కదా.

మైఎస్‌క్యూఎల్‌లో 'లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ' అడగండి. అది మీ కనెక్షన్‌లో వేసిన నంబరే చెబుతుంది, పక్కవారిది చెప్పదు. ఒకే వాక్యంలో పది వరుసలు ఎక్కిస్తే పదింటిలో మొదటిదాని నంబరు చెబుతుందని గుర్తుంచుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో ఇన్సర్ట్ చివరనే 'రిటర్నింగ్' అని రాస్తే నంబరు చేతిలో పెడుతుంది, నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి అది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'స్కోప్ ఐడెంటిటీ' వాడండి. ముందు రెండు యాట్ గుర్తులుండే పాత ఐడెంటిటీ జోలికి పోవద్దు. మీ టేబుల్ మీద ట్రిగ్గర్ (వరుస ఎక్కగానే తనంతట తానే నడిచే ఆజ్ఞ) ఉండి, అది మరో టేబుల్‌లో ఒక వరుస రాసిందనుకోండి, ఆ పాతది ఆ రెండో టేబుల్ నంబరు తెచ్చి ఇస్తుంది. ఆ చిక్కు విప్పడానికి ఒకసారి నాకు మూడు రోజులు పట్టింది.

*

ప్రశ్న: మా పాల కేంద్రంలో పాలు పోసే రైతులకు 2016లో కోడ్లు ఇచ్చాం, 'శ్రీకా-రాజాం-0147' ఇలాగ. అదే ప్రైమరీ కీ. పాస్‌బుక్కుల మీద కూడా అదే అచ్చు వేశాం. ఇప్పుడు రాజాం విజయనగరం జిల్లాలో ఉంది. కోడ్లన్నీ మార్చాలా? కొత్తగా చేరేవారికి ఏ కోడ్ ఇవ్వాలి? మా వారు ఫోను నంబరే కీగా పెట్టేయమంటున్నారు.
– ఒక నిర్వాహకురాలు, రాజాం

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివి నేను పైకే నవ్వాను, మన్నించండి. మీ కోడ్‌లో మొదటి ముక్క 2022 ఏప్రిల్ 4న అబద్ధమైపోయింది. ఆ రోజునే పాలకొండ వాళ్ళు పార్వతీపురం మన్యం జిల్లావారయ్యారు. అంతకుముందు మాత్రం? 1979 జూన్ 1న విజయనగరం జిల్లా పుట్టేదాకా బొబ్బిలి, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లావే. మన వైపు ఊళ్ళు కదలవు, జిల్లాలే వాటి మీదుగా కదిలి వెళుతుంటాయి.

కీలో అర్థం పెడితే వచ్చే చిక్కు ఇదే. జిల్లా, ఊరు, కులం, వృత్తి, చేరిన ఏడు, ఏది పెట్టినా ఏదో ఒకనాడు లోకం మారుతుంది, కీ మాత్రం మారడానికి వీల్లేకుండా వంద చోట్ల అతుక్కుని ఉంటుంది. 'ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్' పెట్టుకుంటే కీ మారినప్పుడు దాన్ని చూపించే టేబుళ్ళన్నీ డేటాబేసే మార్చగలదు, నిజమే. రైతు ఇంట్లో గూట్లో ఉన్న పాస్‌బుక్కును ఏ క్యాస్కేడూ మార్చలేదు.

కాబట్టి పాస్‌బుక్కులు ముట్టుకోకండి. రైతుల టేబుల్‌కు ఏ అర్థమూ లేని కొత్త నంబరు కాలమ్ ఒకటి చేర్చి డేటాబేస్‌తో వేయించండి. పాల లెక్కల టేబుల్‌లో పాత కోడ్ పక్కన ఈ కొత్త నంబరుకు చోటు పెట్టి, కోడ్లు జతచేసి నింపండి. అన్నీ సరిపోయాయని చూసుకున్నాక కొత్త నంబరునే ప్రైమరీ కీ చేయండి. పాత కోడ్ మామూలు కాలమ్‌గా ఉంటుంది, దానికి 'యూనిక్' నియమం (ఏ రెండూ ఒకటి కాకూడదని) పెట్టడం మాత్రం మరవకండి. జిల్లా వేరే కాలమ్. ఇకపై 'శ్రీకా' అన్నది జిల్లా పేరు కాదు, పేరులో ఒక భాగమంతే. మా వీధిలో 'చిన్నబ్బాయి' గారికి డెబ్బై దాటాయి, ఎవరూ పేరు మార్చుకోమనడం లేదు.

కొత్తవారికి 'రాజాం-0912' అని ఇవ్వండి చాలు.

ఫోను నంబరు కీగా వద్దని మీ వారికి నా మాటగా చెప్పండి. ఒకే ఫోను మీద అత్తా కోడలూ ఇద్దరూ పాలు పోస్తారు. రీచార్జి చేయక వదిలేసిన నంబరును కంపెనీ కొన్నాళ్ళకు మరొకరికి ఇచ్చేస్తుంది. ఆధార్ అని మీకు తోచి ఉంటే అదీ వద్దు. గుట్టుగా దాచవలసిన 12 అంకెలను ప్రతి టేబుల్‌లో, ప్రతి చీటీ మీద తిప్పడం మంచిది కాదు. ఇక పేర్లు సరేసరి. విజయనగరంలో 'పైడిరాజూ' అని పిలిచి చూడండి, వీధిలో సగం మంది వెనక్కి తిరుగుతారు. మిగతా సగం అప్పలనాయుళ్ళు.

*

ప్రశ్న: మాకు శ్రీకాకుళం, టెక్కలి, సోంపేటల్లో మందుల గోదాములు ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత సోంపేటలో రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. జనరేటరు పెట్టి ఎక్కడి బిల్లులు అక్కడే రాశాం. తర్వాత మూడూ కలపబోతే ఒక్కో నంబరు మీద మూడేసి బిల్లులు. చేత్తో మార్చుకున్నాం. ఇప్పుడు కొత్త ప్రోగ్రాం రాయిస్తున్నాం. యూయూఐడీ (ఎక్కడికక్కడే తయారు చేసుకునే పొడవాటి గుర్తింపు నంబరు) పెట్టమని మా అబ్బాయి, డేటాబేస్ కుంటుతుందని ప్రోగ్రామరు. ఎవరి మాట వినాలి?
– ఒక మందుల వ్యాపారి, టెక్కలి

జవాబు: ఇద్దరిదీ, చెరి సగం.

మొదటి ఉత్తరంలో 'ఇచ్చే చెయ్యి ఒకటే ఉండాలి' అన్నాను. ఆ చెయ్యి శ్రీకాకుళంలో ఉండి, తీగలు తెగి సోంపేట చీకట్లో ఉంటే ఆ మాట పనికిరాదు. అప్పుడు ఎవరి నంబరు వారే వేసుకోవాలి, అయినా గుద్దుకోకూడదు. ఈ కిటుకు మన రవాణా శాఖకు ఎప్పటినుంచో తెలుసు. శ్రీకాకుళంలో కొన్న బండికి ఏపీ 30, విజయనగరంలో కొన్నదానికి ఏపీ 35 వచ్చేది. ముందు రెండు అంకెలు వేరు కాబట్టి ఆ తర్వాత ఒకే నంబరు వచ్చినా గొడవ లేదు, ఒక కార్యాలయం మరొకదాన్ని అడగనక్కర్లేదు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే అయ్యాక ఆ వెసులుబాటు పోయింది, అందరూ ఒకే పుస్తకంలోంచి నంబరు తీసుకోవాలి.

మీరూ గోదాము సంఖ్య, బిల్లు సంఖ్య రెండూ కలిపి కీగా పెట్టుకోవచ్చు. లేదా మైఎస్‌క్యూఎల్‌లో ఆటో ఇంక్రిమెంట్ అడుగు పొడవు మార్చి, ఒకచోట 1, 4, 7, మరోచోట 2, 5, 8, ఇంకోచోట 3, 6, 9 వచ్చేలా చేయవచ్చు. పలాసలో నాలుగో గోదాము తెరిచిన రోజున ఈ పద్ధతి మెడకు చుట్టుకుంటుంది. వాడితే అడుగు పది పెట్టుకోండి, మిగిలినవి ఖాళీగా ఉండనివ్వండి.

ఇక యూయూఐడీ. ఇది 128 బిట్ల నంబరు. రాస్తే గీతలతో కలిపి 36 అక్షరాలు. అందరూ వాడే నాలుగో రకంలో 122 బిట్లు పూర్తిగా యాదృచ్ఛికం, అంటే ఎవరినీ అడగకుండా పాచికలు వేసినట్టు. రెండు ఒకటైపోవా అని అందరికీ అనుమానం వస్తుంది. అలాంటి జంట ఒకటి తగలడానికి సగానికి సగం అవకాశం రావాలంటే సుమారు 27 వేల కోట్ల కోట్ల నంబర్లు తయారు కావాలి. మీ మూడు గోదాములూ కలిసి అన్ని మాత్రలు కూడా అమ్మలేవు. మీ అబ్బాయి చెప్పింది ఇంతవరకు సరే.

ప్రోగ్రామరు భయం కూడా ఉత్తది కాదు. ఇన్నోడీబీ వరుసలను ప్రైమరీ కీ క్రమంలోనే డిస్కు మీద పేర్చుతుంది, 16 కిలోబైట్ల పేజీలుగా. నంబర్లు వరుసగా వస్తే కొత్త వరుస ఎప్పుడూ చివరి పేజీలోకి వెళుతుంది. పాచికల నంబర్లు వస్తే ప్రతి కొత్త వరుసా ఎక్కడో మధ్య పేజీలో దూరాలి. నిండిన పేజీ రెండుగా చీలుతుంది, సగం ఖాళీ పేజీలు పెరుగుతాయి. ఉన్న ప్రతి ఇండెక్సులోనూ (త్వరగా వెతకడానికి ఉంచుకునే పట్టికలోనూ) ఆ కీ నకలు ఒకటి ఉంటుంది కాబట్టి, దాన్ని 36 అక్షరాల వాక్యంగా దాచితే బరువు ఇంకా ఎక్కువ. 16 బైట్లుగానే దాచాలి.

ఈ తగువు తీర్చడానికే ఏడో రకం వచ్చింది. 2024 మేలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9562 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో దాన్ని చేర్చారు. ముందు 48 బిట్లలో మిల్లీసెకన్ల దాకా సమయం, మిగతాది చాలావరకు పాచికలు. సమయం ముందుంది కాబట్టి కొత్తవి చివరే పేరుకుంటాయి. పోస్ట్‌గ్రెస్ 18లో దీన్ని తయారుచేసే ఫంక్షన్ లోపలే ఉంది. మైఎస్‌క్యూఎల్ స్వయంగా ఇచ్చే యూయూఐడీ మొదటి రకం, కాబట్టి ఏడోది మీ ప్రోగ్రాంలోనే తయారు చేసి పంపించమనండి. గోదాము కంప్యూటర్లో బ్యాటరీ చచ్చి గడియారం వెనక్కి వెళ్ళిపోయే రోగం మన వైపు మామూలే. అలా అయినా పాచికల భాగం ఉంది కాబట్టి నంబర్లు గుద్దుకోవు, క్రమం మాత్రం చెడుతుంది. ట్విట్టర్ వారు 2010లో చెప్పిన స్నోఫ్లేక్ అనే మరో నంబరు పద్ధతి (41 బిట్లు సమయం, 10 బిట్లు యంత్రం, 12 బిట్లు వరుస) 64 బిట్లలోనే ఇమిడిపోతుంది గాని, గడియారం వెనక్కి తిరిగితే దానికి ప్రమాదం. మీకు దాని అవసరం లేదు.

కొనుగోలుదారుకు బిల్లు లింకు పంపేటప్పుడు కూడా యూయూఐడీ ఒక రకంగా మంచిది. లింకు చివర 1207 ఉంటే, 1208 కొట్టి చూడాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. వరుస నంబర్లు చాలా మాటలు బయటపెడతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడ్డ జర్మన్ ట్యాంకుల మీది వరుస నంబర్లు చూసి, నెలకు ఎన్ని ట్యాంకులు తయారవుతున్నాయో మిత్రరాజ్యాల గణాంకవేత్తలు అంచనా కట్టారు. మీ పోటీ వ్యాపారి నెల మొదట్లో ఒక సీసా, నెలాఖరున ఒక సీసా మీ దగ్గర కొంటే చాలు. అయితే నంబరు ఊహించలేరు కదా అని ఎవరు చూడవచ్చో అడగడం మానేయకూడదు.

నా సలహా: లోపల కీకి ఏడో రకం యూయూఐడీ. బిల్లు మీద గోదాముకో అక్షరంతో వేరే వరుస. విజయనగరం పాఠకురాలికి చెప్పిన చిన్న టేబుల్ గోదాముకు ఒకటి.

*

ప్రశ్న: సార్, నేను ఆటో ఇంక్రిమెంటే పెట్టాను. అయినా 127 వరుసల తర్వాత 'డూప్లికేట్ ఎంట్రీ 127' అంటోంది. మీరు చెప్పింది తప్పా?
– డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: తల్లీ, ఆ కాలమ్ టైనీఇంట్‌గా (ఒక్క బైటు పూర్ణాంకంగా) పెట్టావు. గుర్తుతో కూడిన, అంటే రుణ సంఖ్యలు కూడా పట్టే టైనీఇంట్ 127 దగ్గర ఆగిపోతుంది, పాపం డేటాబేస్ మళ్ళీ మళ్ళీ ఆ ఆఖరి నంబరే ఇవ్వబోతోంది. ఇంట్ పెడితే 2,14,74,83,647 దాకా వెళుతుంది, రోజుకు వెయ్యి వరుసలు రాసినా 5,800 ఏళ్ళు పైనే పడుతుంది. బిగ్‌ఇంట్ పెట్టు, ఆ లెక్క కూడా అక్కర్లేదు.

*

ప్రశ్న: నాయనా, నేను ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి పాతికేళ్ళు దాటింది. మా మనవరాలు నీ వ్యాసాలు చదివి వినిపిస్తుంది. మీరు ప్రైమరీ కీ అనేది మా అడ్మిషన్ నంబరే కదా? రోల్ నంబరు ఏటా మారుతుంది, అడ్మిషన్ నంబరు మారదు. టీసీ తీసుకుని వెళ్ళినవాడి నంబరు మరొకరికి ఇచ్చేవాళ్ళం కాదు. అదే పిల్లవాడు రెండేళ్ళ తర్వాత తిరిగి వస్తే మాత్రం కొత్త నంబరు వేసి, రిమార్కుల గడిలో ఎర్ర సిరాతో పాత నంబరు రాసేవాళ్ళం. ఒక మనిషికి రెండు నంబర్లు. మీ శాస్త్రంలో ఇది తప్పా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పొందూరు

జవాబు: నమస్కారం మాస్టారూ. మీతో పోలిస్తే మైఎస్‌క్యూఎల్ చాలా ఆలస్యంగా దారికి వచ్చింది. 5.7 వెర్షన్ దాకా ఇన్నోడీబీ తన ఆఖరి నంబరును జ్ఞాపకంలోనే ఉంచుకునేది. చివరి వరుసను చెరిపేసి సర్వర్ ఆపి మళ్ళీ పెడితే, మిగిలినవాటిలో పెద్దది చూసుకుని, వెళ్ళిపోయినవాడి నంబరే కొత్తవాడికి ఇచ్చేసేది. 2018లో 8.0 వచ్చాకే ఆ నంబరును డిస్కు మీద రాసి పెట్టుకోవడం నేర్చుకుంది. మీ రిజిస్టరులో గీసిన గీతలు ఎవరు బడి మూసి తెరిచినా అలాగే ఉండేవి.

ఒక మనిషికి రెండు నంబర్లు తప్పు కాదు. మీ రిజిస్టరులో ఒక్కో వరుస ఒక్కో పిల్లవాడు కాదు, ఒక్కో చేరిక. పిల్లవాడు రెండుసార్లు చేరాడు, రెండు వరుసలు వచ్చాయి, రెండిటికీ వేరు వేరు నంబర్లు ఉండాల్సిందే. రెండూ ఒకరివేనని తెలియడానికి మీరు ఎర్ర సిరాతో పాత నంబరు రాసిన ఆ గడిని మేము ఫారిన్ కీ అంటాం.